వానొస్తే బొమ్మ ఆగిపోతోందా? డిష్ తిప్పే ముందు చూడాల్సినవి

టీవీలో 'నో సిగ్నల్' అని కనపడగానే మనలో చాలామంది చేసే మొదటి పని, మేడెక్కి డిష్‌ని ఇటు కాస్త, అటు కాస్త తిప్పడం. నా మాట వింటే అది ఆఖరున చేయాల్సిన పని. ఏళ్ళ తరబడి బాగా పనిచేసిన డిష్ దానంతటది దిక్కు మార్చుకోదు. తప్పు ఎక్కువగా కేబుల్ చివర కనెక్టర్లోనో, డిష్‌ని మోస్తున్న పైపులోనో ఉంటుంది. అవి చూడకుండా డిష్ కదిపితే ఉన్న తప్పుకి ఇంకోటి తోడవుతుంది. ఆ తర్వాత ఏది దేనివల్లో తేలదు.

ఇక్కడ చెప్పేది బెజవాడ, గుంటూరు మేడల మీద మామూలుగా కనిపించే 60 సెంటీమీటర్ల డిష్ గురించి. డిగ్రీలు, దిక్కులు ఈ రెండు ఊళ్ళకీ సరిపోతాయి. రెంటికీ మధ్య తేడా ఒక డిగ్రీ దాకా వస్తుందంతే.

ముందు రోగం ఏదో చూడండి

మేడెక్కక ముందే, కుర్చీలో కూర్చుని తేల్చుకోదగ్గ సంగతులు చాలా ఉన్నాయి.

జోరు వానలో పది నిమిషాలు బొమ్మ పోయి, వాన తగ్గగానే వచ్చేస్తే అది రోగమే కాదు. మన డీటీహెచ్ సిగ్నళ్ళు వచ్చేది కేయూ బ్యాండులో. ఆ తరంగాల పొడవు రెండున్నర సెంటీమీటర్లకు అటూఇటూ. పెద్ద చినుకులు వాటిని పీల్చేసుకుంటాయి. ఎంత బాగా బిగించిన డిష్ అయినా కుండపోతలో చేతులెత్తేస్తుంది. సరిగ్గా గురిపెట్టిన డిష్ ఆ పది నిమిషాల్ని మూడు నిమిషాలకు తగ్గించొచ్చు గానీ మొత్తానికి ఆపలేదు.

వాన వెలిసి గంట గడిచినా బొమ్మ రాకపోతే, లేదా మర్నాడు ఎండెక్కాక గానీ రాకపోతే, కనెక్టర్లోకో, ఎల్‌ఎన్‌బీలోకో (డిష్ ముందు చేతి చివర ఉండి సిగ్నల్‌ని పట్టే పరికరం) నీళ్ళు వెళ్ళాయన్నమాట. గాలి వీచినప్పుడల్లా బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగితే ఎక్కడో నట్టు వదులైంది, లేదా పైపే ఊగుతోంది. మిట్టమధ్యాహ్నం ఎండలో మాత్రమే పోతే ఎల్‌ఎన్‌బీ ముసలిదైందని అనుమానించొచ్చు. కొన్ని ఛానెళ్ళు బ్రహ్మాండంగా వస్తూ కొన్ని అసలే రాకపోతే మాత్రం ఆగి ఆలోచించాలి. సెట్‌టాప్ బాక్సు అదే కేబుల్ మీదుగా ఎల్‌ఎన్‌బీకి కరెంటు పంపిస్తుంది. ఛానెళ్ళు కొన్ని నిలువుగా ఊగే తరంగాల మీద, కొన్ని అడ్డంగా ఊగేవాటి మీద వస్తాయి. నిలువు తరంగాలు కావాలంటే 13 వోల్టులు, అడ్డ తరంగాలు కావాలంటే 18. కనెక్టర్ తుప్పు పట్టి దారిలో వోల్టులు తగ్గాయంటే 18 కాస్తా 13 లాగా చేరుతుంది, అడ్డ తరంగాల ఛానెళ్ళు మాయమవుతాయి. డిష్ ఎంత తిప్పినా అవి రావు.

ఇంకొకటి. బాక్సు మెనూలో సిగ్నల్ పేజీ తీస్తే రెండు గీతలుంటాయి: స్ట్రెంత్, క్వాలిటీ. స్ట్రెంత్‌ని నమ్మకండి. డిష్ తప్పు ఉపగ్రహం వైపు చూస్తున్నా అది ఎనభై చూపించగలదు. ఉదాహరణకి డీడీ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉన్నది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. డిష్ టీవీ వాళ్ళ ఉపగ్రహం 95 డిగ్రీల దగ్గర, పక్కనే. మీ బాక్సుకు పక్కవాడి సిగ్నల్ బలంగా అందొచ్చు, కానీ అందులో మీ ఛానెళ్ళు ఉండవు. మీరు చూడాల్సింది క్వాలిటీ గీత. ఇకనుంచి నేను అంకె అంటే దాని అంకే.

మేడెక్కే ముందు

సెట్‌టాప్ బాక్సు ప్లగ్గు తీసేయండి. కేబుల్లో కరెంటు ఉండగా కనెక్టర్ విప్పితే, మధ్య తీగ చుట్టూ ఉండే లోహపు అల్లికలో పోగొకటి ఆ తీగకి తగిలినా బాక్సు దెబ్బతినొచ్చు. తడి మేడ మీద, ఉరుముల్లో, మేడ పక్కనుంచే కరెంటు తీగలు వెళ్తున్న చోట ఒంటరిగా పని పెట్టుకోకండి. పాత పేటల్లో పిట్టగోడకి చెయ్యి చాపితే అందేంత దగ్గరగా తీగలుంటాయి. అలాంటి మేడ మీద పొడవాటి ఇనప పైపు ఎత్తడం, దించడం తెలిసినవాళ్ళకే వదిలేయండి.

10–11, 12–13 స్పానర్లు, కట్టర్, చాకు, మార్కర్, చిన్న రసమట్టం తీసుకెళ్ళండి. రసమట్టం లేకపోతే దారానికి బరువైన నట్టు కట్టి గుండులా వాడుకోవచ్చు. రోహిణి కార్తెలో అయితే ఉదయం తొమ్మిదిలోపు ముగించుకోండి. పదయ్యాక ఆ స్పానర్ ముట్టుకోలేరు.

మొదట కనెక్టర్

ఎల్‌ఎన్‌బీకి బిగించిన ఎఫ్ కనెక్టర్ విప్పి చివర చూడండి. మధ్య రాగి తీగ ఎర్రగా మెరుస్తుంటే మంచిదే. నల్లబడినా, ఆకుపచ్చ పొడి పట్టినా నీళ్ళు దిగాయన్నమాట. అల్లికని వేళ్ళ మధ్య నలిపి చూడండి. తెల్లటి బూడిద రాలితే తడి లోపలికి చాలా దూరమే పాకింది. పైతొడుగు కింద అల్లిక పోగుల సందుల్లోంచి నీళ్ళు మెల్లగా కేబుల్ పొడవునా దిగుతాయి. కొన్నిళ్ళల్లో చివరికి టీవీ వెనక కనెక్టర్లో చుక్క కనిపిస్తుంది. అలాంటప్పుడు చివర బెత్తెడు కోసి సరిపెట్టకండి. మెరిసే రాగి, పొడి అల్లిక కనపడేదాకా కోస్తూ వెళ్ళండి. రెండు మూడు అడుగులు పోయినా పర్వాలేదు. అప్పటికీ నల్లగానే ఉంటే కొత్త ఆర్‌జీ-6 కేబుల్ ఒకే ముక్కగా, మధ్యలో అతుకు లేకుండా లాగండి. ఎండలో ఉండే భాగానికి నల్ల తొడుగుది తీసుకోండి. తెల్లది ఎండకి త్వరగా పెళుసెక్కుతుంది.

కొత్త కనెక్టర్ వేసేటప్పుడు పైతొడుగు ఒకటిన్నర సెంటీమీటరు మేర తీసి, అల్లికని వెనక్కి మడిచి, ఒక్క పోగు కూడా మధ్య తీగకు తగలకుండా చూసుకోండి. లోపలి తెల్ల నురగ భాగం కనెక్టర్ అడుగుతో సమానంగా ఆగాలి. రాగి తీగ నట్టు అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. తిప్పి ఎక్కించే చవక కనెక్టర్ ఇంట్లో సరిపోతుంది. మేడ మీద మాత్రం నొక్కి బిగించే కంప్రెషన్ రకమే వాడండి. దానికి వేరే పనిముట్టు కావాలి. కేబుల్ కుర్రాడి దగ్గర ఉంటుంది, అడిగితే ఐదు నిమిషాల్లో వేసిస్తాడు.

ఇప్పుడు నీళ్ళు దూరకుండా చుట్టడం. దీనికి కావాల్సింది సెల్ఫ్ ఫ్యూజింగ్ రబ్బరు టేపు, ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది. దానికి జిగురుండదు. సాగదీసి చుడితే దానికదే అతుక్కుని ఒకే ముద్దవుతుంది. పొడవు దాదాపు రెట్టింపయ్యేదాకా లాగి పట్టుకుని, కింద కేబుల్ దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టుకుంటూ వెళ్ళండి. ప్రతి చుట్టూ కింది చుట్టు మీదకి సగం ఎక్కాలి. పెంకుటింటి పెంకుల్లా పై వరస కింది వరసని కప్పుతుంది కాబట్టి నీరు జారిపోతుంది. పైనుంచి కిందికి చుడితే ప్రతి వరసా ఒక చిన్న దొన్నె అవుతుంది. చుట్టడం అయ్యాక దాని మీద మామూలు నల్ల పీవీసీ టేపు ఒక వరస, ఎండ తగలకుండా. పీవీసీ టేపు ఒక్కటే చుట్టి వదిలేస్తే మన ఎండలకి దాని జిగురు కరిగి, వేసవి దాటేలోగా తోకలా వేలాడుతుంది.

సిలికాన్ పూస్తానంటే ఒక మాట. పుల్లటి వెనిగర్ వాసన వచ్చేది వద్దు. అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం రాగిని తింటుంది. న్యూట్రల్ రకం అడగండి, అదీ బయట మాత్రమే పూయండి. ఎంసీల్ పెట్టేవాళ్ళున్నారు. అది గట్టిపడ్డాక మళ్ళీ విప్పాల్సొస్తే ఎల్‌ఎన్‌బీ కూడా పోతుంది.

చివరగా, కనెక్టర్ కిందే కేబుల్‌ని ఒక అర్ధచంద్రాకారంలో కిందికి వేలాడేలా వదలండి. వాననీరు ఆ వంపు అడుగున చుక్కగా రాలిపోతుంది, కనెక్టర్ దాకా పాకదు. గోడలోంచి కేబుల్ ఇంట్లోకి వెళ్ళేచోటా ఇలాంటి వంపే ఉండాలి. గోడకి వేసే రంధ్రం బయటికి వాలుగా ఉండాలి.

ఎల్‌ఎన్‌బీ మూతి

ఎల్‌ఎన్‌బీ మూతికున్న ప్లాస్టిక్ టోపీ మీద సన్నటి పగుళ్ళుంటే ఎల్‌ఎన్‌బీ మార్చేయడమే నయం. దాని మీద పాలిథిన్ కవరు కట్టడం మన వీధుల్లో తరచూ కనిపించే వైద్యం. ఆ కవరు లోపల ఆవిరి పట్టి, చుక్కలు సరిగ్గా మూతి మీదే నిలుస్తాయి. వాన లేని రోజున కూడా అంకె పడిపోతుంది. కూల్‌డ్రింకు సీసా సగానికి కోసి గొడుగులా పెట్టేవాళ్ళది కొంత మెరుగైన ఆలోచనే, అది వెనక భాగాన్నీ కనెక్టర్నీ మాత్రమే కప్పి, మూతిని వదిలేస్తే. ఎల్‌ఎన్‌బీ అడుగున చిన్న రంధ్రం కనపడితే దాన్ని మూయకండి. తడి బయటికి పోవడానికే అది.

కందిరీగలు మూతి దగ్గర మట్టి గూడు పెడతాయి. గోరుతో గీకితే టోపీ చిట్లుతుంది. తడిగుడ్డ కాసేపు అంటించి ఉంచి తుడవండి.

పైపు నిలబడిందా

డిష్ అంచు పట్టుకుని మెల్లగా ఊపండి. కదలిక ఎక్కడ పుడుతోందో కళ్ళతో చూడండి: డిష్‌ని పైపుకి పట్టి ఉంచే క్లాంపులోనా, పైపు మొదట్లోనా, మొత్తం గోడతో సహానా?

పై అంతస్తు వేద్దామని వదిలేసిన పిల్లర్ ఊచలకి పైపుని బైండింగ్ వైరుతో కట్టేయడం మనకి మామూలే. ఊచ ఊగుతుంది, వైరు సాగుతుంది, దానితో డిష్ చూపు తిరుగుతుంది. ఒంటి ఇటుక పిట్టగోడకి బిగించిన బోల్టులూ అంతే. ప్లాస్టరింగు పెచ్చులూడి, రెండు వానాకాలాలకి వదులవుతాయి. గట్టి చోటు కావాలంటే స్లాబు మీదకి తేలిన పిల్లర్ మొండేనికి యాంకర్ బోల్టులు వేయండి, లేదా పైపు అడుగు పలకని విడిగా పోసిన సిమెంటు దిమ్మెలో బిగించండి. స్లాబుకే డ్రిల్లు వేస్తే ఆ రంధ్రాల్లోంచి కింది గదిలోకి చెమ్మ దిగుతుంది. తప్పదనుకుంటే బోల్టు చుట్టూ సీలెంటు నింపాకే బిగించండి.

గాలి ఎంత నెడుతుందో ఒక లెక్క చూడండి. 60 సెంటీమీటర్ల డిష్ మీద గంటకి 100 కిలోమీటర్ల గాలి సూటిగా కొడితే పడే తోపు 15 కిలోల బరువుకి పైమాటే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గాలులు ఆ స్థాయిలోనే వీచాయి. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. రెండు బోల్టులూ బైండింగ్ వైరూ దానికి ఆగవు.

పైపు నిటారుగా ఉందో లేదో రెండు వైపుల నుంచి, ఒకసారి తూర్పు వైపు, ఒకసారి దక్షిణం వైపు చూడండి. పైపు వాలి ఉంటే డిష్‌ని పక్కకి తిప్పినప్పుడల్లా ఎత్తు కూడా మారుతుంది. గంటసేపు తిప్పినా కుదరదు. పైపు పైమూతి తెరిచి ఉంటే ఒక టోపీ పెట్టండి. లోపల నీళ్ళు నిలిచి పైపు లోపలినుంచే తుప్పు తింటుంది, అది పైకి కనపడదు.

డిష్ వంగిందేమో చూడాలంటే ముఖం మీద రెండు దారాలు అడ్డంగా, నిలువుగా అంచు నుంచి అంచుకి బిగువుగా లాగి పట్టండి. మధ్యలో రెండూ ఒకదాన్నొకటి ఆనుకోవాలి. ఎడం కనపడితే అంచు మెలిపడింది, అలాంటి డిష్ మార్చేయాల్సిందే. తుప్పు గీకి రంగు వేస్తే పల్చగా, మెరుపు లేనిది వేయండి. తళతళలాడే ఎనామిల్ వేస్తే అది ఎండని కూడా పట్టి ఎల్‌ఎన్‌బీ మీదకే పంపుతుంది.

అడ్డమేదైనా ఉందా

మన ఊళ్ళనుంచి చూస్తే ఈ ఉపగ్రహాలు ఆకాశంలో చాలా ఎత్తున ఉంటాయి. జీశాట్-15 దిక్కు, ఉత్తరం నుంచి తూర్పు మీదుగా లెక్కిస్తే, 141 డిగ్రీలు, అంటే ఆగ్నేయం, వాస్తు చెప్పే వంటింటి మూల, కాస్త దక్షిణానికి. నేలమట్టం నుంచి ఎత్తు 65 డిగ్రీలకి పైన. టాటా ప్లే 83 డిగ్రీల తూర్పున ఉంది కాబట్టి మనకి దాదాపు నడి దక్షిణం: దిక్కు 172, ఎత్తు 70. డీ2హెచ్ 88 డిగ్రీలది: 156, 69. డిష్ టీవీ: 138, 64–65. ఎయిర్‌టెల్ 108.2 డిగ్రీలది, అది బాగా తూర్పుకి: దిక్కు 119, ఎత్తు 53.

ఇంత ఎత్తు కాబట్టి ఎదురింటి అపార్టుమెంటుని తిట్టుకోనక్కర్లేదు. ఫ్రీ డిష్‌కైతే, డిష్ కన్నా మూడు మీటర్లు ఎత్తున్న గోడ మీటరున్నర దూరంలో ఉన్నా అడ్డు రాదు. అడ్డొచ్చేది పక్కనే ఉన్న నీళ్ళ ట్యాంకు, నెత్తిన వాలిన కొబ్బరి మట్ట, పెరిగిపోయిన వేపకొమ్మ. తడిసిన ఆకు పొడి ఆకు కన్నా ఎక్కువ సిగ్నల్ మింగుతుంది. ఎండాకాలంలో బాగా వచ్చి, వానల్లో పోవడానికి ఇదీ ఒక కారణమే.

దీన్ని సూర్యుడితోనే చూసుకోవచ్చు. ఫ్రీ డిష్ ఉన్నవాళ్ళు మార్చి 13 అటూఇటూ రోజుల్లో ఉదయం పదకొండుంబావుకి, లేదా సెప్టెంబరు 30 అటూఇటూ పదకొండింటికి మేడెక్కండి. ఆ సమయానికి సూర్యుడు సరిగ్గా ఆ ఉపగ్రహం వెనక్కి వస్తాడు. డిష్ మీద కొమ్మ నీడో, ట్యాంకు నీడో పడుతుంటే అదే మీ అడ్డం. ఆ రోజుల్లో ఆ కొద్ది నిమిషాలు సూర్యుడి నుంచి వచ్చే రేడియో రొదకి బొమ్మ కూడా పోతుంది. దానికి స్పానర్ తీయకండి.

ఇప్పుడు గురి

పైవన్నీ సరిగా ఉండి, అంకె ఇంకా తక్కువుంటేనే ఈ పని. ముందు ఇప్పుడున్న స్థానాన్ని మార్కర్‌తో గీయండి: క్లాంపు నుంచి పైపు మీదకి ఒక నిలువు గీత, డిష్‌ని పైకీ కిందికీ వంచే ఎత్తు బ్రాకెట్ దగ్గర ఒక గీత. ఏమీ కుదరకపోతే మళ్ళీ ఇక్కడికే రావచ్చు.

ఫోన్ దిక్సూచి వాడితే పైపుకీ, పిల్లర్ ఊచలకీ రెండు మీటర్ల దూరంలో నిలబడండి. ఇనుము పక్కన అది అబద్ధం చెబుతుంది. డిష్ ముఖం 65 డిగ్రీలు పైకి చూస్తున్నట్టు కనపడాలని అనుకోకండి. ఇవి ఆఫ్‌సెట్ డిష్‌లు. చూసే చోటుకన్నా ముఖం దాదాపు 25 డిగ్రీలు కిందికి ఉంటుంది. 40 డిగ్రీల దగ్గర వాలినట్టు కనిపిస్తే సరిగానే ఉంది.

ఎంత మెల్లగా తిప్పాలో తెలియాలంటే పైపు చూడండి. నాలుగు సెంటీమీటర్ల పైపు చుట్టుకొలత పన్నెండున్నర సెంటీమీటర్లు, 360 డిగ్రీలూ అందులోనే. పైపు మీద ఒక్క మిల్లీమీటరు జరిగితే చూపు దాదాపు మూడు డిగ్రీలు తిరుగుతుంది. 60 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పే సుమారు మూడు డిగ్రీలు. అందుకే క్లాంపు దగ్గర పట్టుకుని కాదు, డిష్ అంచు పట్టుకుని తిప్పండి. అంచు దగ్గర ఒక డిగ్రీ అంటే అయిదు మిల్లీమీటర్లు.

బాక్సు ఆన్ చేసి సిగ్నల్ పేజీ తెరిచి, కింద ఒకరిని టీవీ ముందు కూర్చోబెట్టి ఫోన్లో మాట్లాడుతూ చేయండి. క్లాంపు నట్లు డిష్ జారకుండా, చేత్తో నెడితే మాత్రమే కదిలేంత వదులు చేయాలి. ఒకసారి కదిపాక మనసులో అయిదు లెక్కపెట్టండి. బాక్సు అంకె వెంటనే మారదు.

"ఎంతుందిరా?"

"నలభై రెండు బావా. నలభై... యాభై ఒకటి. ఆగాగు, అరవై ఎనిమిది!"

అక్కడే బిగించేయాలనిపిస్తుంది. బిగించకండి. అంకె శిఖరం దగ్గర చదునుగా ఉంటుంది, అసలు నడిబొడ్డు ఎక్కడో అంకె చెప్పదు. ఇంకా అటే తిప్పుతూ అంకె యాభైకి పడేచోట గీత పెట్టండి. మళ్ళీ ఇటు తిప్పి, అదే యాభైకి పడేచోట రెండో గీత. రెంటికీ సరిగ్గా మధ్యన డిష్‌ని నిలపండి. ఎత్తుకీ ఇదే పద్ధతి. ఈ మధ్యస్థానమే వానలో మీకు మిగిలే అదనపు బలం.

ఆ తర్వాత ఎల్‌ఎన్‌బీ క్లాంపు కాస్త వదులు చేసి, దాన్ని ఉన్నచోటే అటు కొద్దిగా, ఇటు కొద్దిగా మెలితిప్పి అంకె చూడండి. టాటా ప్లేకి ఇది పెద్దగా తేడా చేయదు. ఉపగ్రహం తూర్పుకి జరిగేకొద్దీ ఈ మెలిక ఎక్కువ కావాలి.

నట్లు బిగించేటప్పుడు ఒకదాన్నే పూర్తిగా బిగిస్తే డిష్ ఆ పక్కకి లాగుతుంది. ఎడమది పావు చుట్టు, కుడిది పావు చుట్టు, మధ్యలో అంకె అడుగుతూ వెళ్ళండి. అయ్యాక నట్ల మీద గ్రీజు రాయండి. తుప్పు పట్టినవుంటే ఈ చేత్తోనే స్టీలువి వేసేయండి, వచ్చే ఏడాది అవి విప్పాల్సొస్తుంది. పాత గీతలు తుడిచేసి కొత్తవి గీయండి.

తుపాను హెచ్చరిక వస్తే

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఏదో ఒకసారి వస్తుంది. పెద్దదే అన్నప్పుడు డిష్‌ని పైనే వదిలి దేవుడి మీద భారం వేయనక్కర్లేదు. బాక్సు ప్లగ్గు తీసి, కేబుల్ విప్పి, దాని చివర ఒక కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. ఇక్కడ మాత్రం కవరు పనికొస్తుంది. పైపు మీద క్లాంపు కింది అంచు చుట్టూ ఒక గీత గీయండి, నిలువు గీత ఎటూ ఉంది. క్లాంపు నట్లు మాత్రమే వదులు చేసి, ఎత్తు బ్రాకెట్‌ని ముట్టుకోకుండా, డిష్‌ని బ్రాకెట్‌తో సహా పైకి లాగి మెట్ల గదిలో గోడకి ఆనించండి. ఎల్‌ఎన్‌బీ చెయ్యి నేలకి తగలకూడదు. అది వంగిందంటే గురంతా మళ్ళీ మొదటికొస్తుంది. గాలి తగ్గాక రెండు గీతలూ కలిసేలా దించి బిగిస్తే అంకె పాత చోటికి దగ్గరగానే వస్తుంది. మిగిలింది అంచు పట్టుకుని ఒకటి రెండు మిల్లీమీటర్లు సర్దుకోవడం.